‘మంచి ఏరియా’ ఎవరికి మంచిది?

ఇల్లు కొనేవాళ్లకు సలహాలు చెప్పే రాతలకు ఇప్పుడు కరువు లేదు. దినపత్రికల స్థిరాస్తి పేజీలు, వెంచర్లవాళ్లు పంచే రంగుల కరపత్రాలు, వాస్తు పుస్తకాలు అన్నీ ఒకటే పాట పాడుతున్నాయి. నీళ్లు చూడు, రోడ్డు వెడల్పు చూడు, బడి ఎంత దూరమో చూడు, కాగితాలు సరిచూసుకో. ఇంతవరకు పేచీ లేదు. చిట్టచివర ఒక మాట ఉంటది: ఇరుగుపొరుగు ఎటువంటివాళ్లో కనుక్కో. ఈ రాతల్లో అసలు విషయం ఆ ఒక్క మాటలోనే ఉంది. మిగతాదంతా దాని చుట్టూ కట్టిన ప్రహరీ.

స్టేషన్ ఘన్‌పూర్‌నే తీసుకుందాం. కాజీపేట-సికింద్రాబాద్ రైలు మార్గం మీద, హైదరాబాద్-వరంగల్ రహదారి వెంబడి ఉన్న ఊరు. ఒకప్పుడు వరంగల్ జిల్లా, 2016 నుంచి జనగామ జిల్లా. శాసనసభ స్థానం షెడ్యూల్డ్ కులాలకు రిజర్వు. అంటే ఈ నియోజకవర్గం నుంచి దళితులు తప్ప మరొకరు శాసనసభకు పోలేరు. అదే నియోజకవర్గంలో ఒక దళిత టీచరు ఊరి నడుమ రెండువందల గజాల జాగ కొనబోతే కథ వేరు. అసెంబ్లీలో సీటు రాజ్యాంగం రాసిపెట్టింది, ఊరి నడుమ ఇంటి జాగ ఎవరూ రాసిపెట్టలేదు.

జాగ చూపెట్టే మధ్యవర్తి నేరుగా కులం అడగడు. అంత మోటుతనం ఇప్పుడు లేదు. ‘సారు, మీది ఏ ఊరు?’ అంటడు. చెప్తే, ‘ఆ ఊళ్లె ఎవలోల్లు?’ అంటడు. తర్వాత ఇంటిపేరు. బయానా ఇద్దామనేసరికి ఆ ప్లాటు అప్పుడే ఎవరికో మాటయిపోయి ఉంటది. ‘మీకు ఆ పక్కనయితే అనుకూలం సారు, మీవాళ్లు చానమంది ఉన్నరు’ అని ఎంతో ప్రేమగా చెప్తడు. ఈ ప్రేమను మనం సరిగ్గా చదవాలి. ఊరికీ వాడకూ నడుమ ఉన్న గీతనే అతను ‘అనుకూలం’ అంటున్నాడు. చండాలుడి నివాసం ఊరి బయటనే ఉండాలని మనుస్మృతి పదో అధ్యాయంలో రాసుకున్నారు. మన దేశంలో లేఅవుటు నిబంధనలకు అదే పాత మూలం, ఈ మధ్యవర్తి దాని తాజా గుమస్తా. అతన్ని తిట్టి ప్రయోజనం లేదు. అతను అమ్మేది జాగ ఒక్కటే కాదు, ఆ జాగ పక్కన ఎవరుండరో ఆ హామీ కూడా అమ్ముతున్నాడు. రేటు ఆ హామీకి.

నగరానికి పోతే ఇదంతా కరిగిపోతదని చాలాకాలం నమ్మాం. మార్క్సిస్టు మిత్రులు మరీ గట్టిగా నమ్మారు. పైసలుంటే కులం పోతదన్నారు. త్రినా వితయత్తిల్, గాయత్రీ సింగ్ హైదరాబాద్‌తో సహా ఏడు మహానగరాల 2001 జనాభా లెక్కలు పరిశీలించి 2012లో ప్రచురించిన వ్యాసం వేరే సంగతి చెప్పింది. మన నగరాల్లో మనుషులు ఆర్థిక హోదాను బట్టి కంటే కులాన్ని బట్టే ఎక్కువగా విడిపోయి ఉంటున్నారు. సుఖదేవ్ థోరట్, ఆయన సహచరులు ఢిల్లీ చుట్టుపక్కల అద్దె ఇళ్ల మీద చేసిన పరిశీలన 2015లో అచ్చయింది. ఫోనులో అడిగిన దళితుల్లో 18 శాతం మందిని, ముస్లింలలో 31 శాతం మందిని కాదన్నారు. అగ్రకుల హిందువుల్లో ఒక్కరినీ కాదనలేదు. అద్దెకే ఇట్లుంటే కొనుగోలు సంగతి చెప్పాలా?

సలహా రాతల్లో ఉన్న పెద్ద అబద్ధం ఎంపిక అనే మాట. కొనేవాడు నడుచుకుంటూ పోయి నాలుగు ఏరియాలు చూసి ఒకటి ఎంచుకుంటాడని అవి అనుకుంటాయి. కొనేవాడి చేతిలో ఏముందో అడగవు. వాడలో తల్లిదండ్రులకు ప్రభుత్వం ఇచ్చిన ఇంటి పట్టా అసైన్డు జాగ. 1977 నాటి 9వ నెంబరు చట్టం ప్రకారం దాన్ని అమ్మరాదు. పేదవాడి జాగ పెద్దల చేతికి పోకుండా చేసిన చట్టం అది, దాన్ని కాపాడుకోవాల్సిందే. కానీ దాని ఇంకో ముఖం కూడా చూడాలి. ఊరి నడుమ ఉన్నాయన తండ్రి ఇల్లు అమ్మి హన్మకొండలో ఫ్లాటు కొంటాడు. వాడలో పుట్టినాయనకు తండ్రి ఇల్లు ఇల్లే తప్ప పెట్టుబడి కాదు. జీతం మీద అప్పు తెచ్చి మొదటి ఇటుక నుంచి మొదలుపెట్టాలి.

లొరేన్ హాన్స్‌బెర్రీ 1959లో రాసిన ‘ఎ రైజిన్ ఇన్ ది సన్’ నాటకాన్ని మన విద్యార్థులు తప్పక చదవాలి. షికాగోలో ఇరుకు గదుల్లో బతికే నల్ల కుటుంబం. తండ్రి చచ్చిపోతే వచ్చిన పదివేల డాలర్ల బీమా సొమ్ములోంచి 3,500 డాలర్లు బయానాగా కట్టి తల్లి ఒక ఇల్లు కొంటది. అది తెల్లవాళ్ల వాడ. ఎందుకక్కడ? తెల్లవాళ్లను ఎదిరించడానికి కాదు. నల్లవాళ్ల కోసమని దూరంగా కట్టే ఇళ్లు రెట్టింపు ధర ఉన్నాయి, అందుకు. ఈ చిన్న వివరం దగ్గర ఆగాలి. వెలివేసిన చోటే సరుకు తక్కువ, ధర ఎక్కువ. ఆ తర్వాత తెల్లవాళ్ల సంఘం నుంచి ఒకాయన ఎంతో మర్యాదగా వస్తాడు. తిట్టడు, కొట్టడు. మీరు రాకుండా ఉంటే మీరిచ్చిన దానికంటే ఎక్కువే ఇస్తామంటాడు. మన మధ్యవర్తికి ఈయన అన్న వరస. హాన్స్‌బెర్రీ దీన్ని ఊహించి రాయలేదు. ఆమె తండ్రి 1937లో అట్లాంటి ఇల్లు కొన్నాడు, ఆ తగాదా 1940లో అమెరికా సుప్రీంకోర్టు దాకా పోయింది.

బాబూరావ్ బాగుల్ మరాఠీ కథ ‘నేను కులం దాచుకున్నప్పుడు’ (1963) ఇంకో దారి చూపిస్తుంది. రైల్వే కొలువు మీద కొత్త ఊరికి పోయిన దళితుడు కులం దాచి అద్దెకు దిగుతాడు. బయటపడ్డాక దెబ్బలు తింటాడు. ఉద్యోగం రైల్వేది, గది మాత్రం మనువుది. మన స్టేషన్ల పక్కన పెరిగిన పిల్లలకు ఈ కథ ఎక్కువ వివరించనక్కర్లేదు.

హాన్స్‌బెర్రీ మనుషులు రంగు దాచలేరు. బాగుల్ మనిషి కులం దాచగలడు. ఇక్కడే మన బాధ వేరు. దాచగలగడం మనకు దొరికిన వెసులుబాటు అనుకుంటాం గానీ, ‘మంచి ఏరియా’లో ఇల్లు కొన్న చాలామంది ఉద్యోగులు ఆ వెసులుబాటుకు రోజూ కిస్తు కడుతున్నారు. గోడ మీద అంబేద్కర్ పటం ముందు గదిలో ఉండాలా, లోపలి గదిలో ఉండాలా అన్న ప్రశ్న వాళ్లింట్లో ఉంటది. ఊరి నుంచి అమ్మ వస్తే ఆమె మాట యాస వాకిట్లో వినపడకూడదనే భయముంటది. వాళ్లను ద్రోహులనే తొందరపాటు మన ఉద్యమాల్లో ఉంది. అది నాకు నచ్చదు.

అంబేద్కర్ జీవితమే చూడండి. 1917లో బరోడా సంస్థానం కొలువుకు పోయి, ఎక్కడా చోటు దొరక్క, పార్శీ పేరుతో పార్శీల సత్రంలో దిగాడు. కొద్ది రోజులకే కర్రలు పట్టుకుని వచ్చి సాయంత్రానికల్లా ఖాళీ చేయమన్నారు. ఒక హిందూ మిత్రుడు, ఒక క్రైస్తవ మిత్రుడు ఇద్దరూ తప్పించుకున్నారు. తోటలో కూర్చుని రాత్రి బొంబాయి బండి ఎక్కాడు. ఆ మనిషే 1930ల మొదట్లో తన పుస్తకాల కోసం ‘రాజగృహ’ కట్టుకున్నది బొంబాయి దాదర్‌లో, హిందూ కాలనీలో. అదే మనిషి నాయకత్వంలో 1942 జూలైలో నాగపూర్ మహాసభ దళితులకు వేరే గ్రామాలు కావాలని తీర్మానించింది. 1947లో ‘రాష్ట్రాలు-మైనారిటీలు’లో ఆ కోరికనే రాజ్యాంగ ప్రతిపాదనగా రాశాడు. తనకోసం హిందువుల నడుమ ఇల్లు, జాతికోసం వేరే ఊరు. దీన్ని వైరుధ్యమంటారు కొందరు. నేననను. ఎక్కడ ఉండాలో చెప్పే అధికారం ఊరిది కాదు, మాది అన్నదే రెండింట్లోనూ ఉంది.

1985 జూలై 17 కారంచేడు హత్యాకాండ తర్వాత దళితులు చీరాలకు నడిచారు. తిరిగి ఆ ఊరికి పోమన్నారు. చీరాలలో విజయనగర్ కాలనీ అట్లా పుట్టింది. తెలుగు నేల మీద ఏరియా ఎంపిక అనే మాటకు నిజమైన అర్థం వాళ్లు చెప్పారు. ఏ స్థిరాస్తి పేజీలోనూ అది దొరకదు.

చట్టం ఎక్కడుంది? రాజ్యాంగం 15(2) అధికరణ దుకాణాలు, హోటళ్లు, బావుల పేర్లు చెప్పింది, ఇళ్ల అమ్మకం పేరు చెప్పలేదు. 2005లో సుప్రీంకోర్టు అహ్మదాబాద్ పార్శీ గృహనిర్మాణ సంఘం కేసులో పార్శీలకే సభ్యత్వమన్న నియమం చెల్లుతుందంది. అంబేద్కర్‌ను వెళ్లగొట్టిన ఆ గుజరాత్ నేల మీదే. అమెరికాలో 1948లో అట్లాంటి ఒప్పందాలను కోర్టులు అమలు చేయరాదన్నారు, 1968లో గృహవివక్షకు వ్యతిరేకంగా చట్టమే వచ్చింది. మనకు అట్లాంటి చట్టం లేదు, అడిగే గొంతులూ తక్కువే.

ఇంకో సంగతి చెప్పకుంటే ఈ విమర్శ సగమే అవుతది. వాడ అనేది ఒకటి కాదు. మాలవాడ వేరు, మాదిగవాడ వేరు. మాదిగవాడ అంచుకు చిందోళ్లు, ఆ అంచుకు కూడా దూరంగా డక్కలోళ్ల గుడిసెలు. కాలనీలో ఇళ్లు మంజూరైనప్పుడు డక్కలాయన మన గోడ పక్కకు వస్తే, ‘మీకు ఆ పక్కనయితే అనుకూలం’ అనేది ఎవరో మనకు తెలుసు. ఆ మాట అక్కడ మధ్యవర్తి అనడు, మనమే అంటున్నం.