లెక్కకు అందని ప్రభావం: పశువైద్యంలో ‘పరిశోధన ధోరణుల’ వ్యాసాలపై ఒక విమర్శ

ఉపోద్ఘాతం

కొన్నేళ్లుగా పశువైద్య పరిశోధన పత్రికల్లో ఒక తరహా వ్యాసం తరచుగా కనిపిస్తున్నది. పరిశోధకుడు ఒక వ్యాధి పేరునో, ఒక పశుజాతి పేరునో ఎంచుకుంటాడు. స్కోపస్, వెబ్ ఆఫ్ సైన్స్ వంటి డేటాబేసుల్లో ఆ పదంతో వెతికి, దొరికిన వందలో వేలో వ్యాసాల వివరాలను దింపుకుంటాడు. వాటిని వాస్‌వ్యూయర్ వంటి సాఫ్ట్‌వేర్‌కు అందిస్తే రంగురంగుల పటం ఒకటి వస్తుంది. ఏ దేశం ఎన్ని వ్యాసాలు రాసింది, ఏ పత్రిక ముందున్నది, ఎవరిని ఎందరు ఉల్లేఖించారు అనే పట్టికలు వస్తాయి. చివర, ఈ అంశంపై పరిశోధన గణనీయంగా పెరుగుతున్నదనే వాక్యం ఉంటుంది. ఆ వేల వ్యాసాల్లో ఒక్కదానినైనా రచయిత చదివాడా అన్నది మాత్రం ఎక్కడా తెలియదు.

ఇటువంటి వ్యాసాలు అన్ని శాస్త్రాల్లోనూ ఉన్నాయి. అయితే పశువైద్యం విషయంలో వీటి లోపం మరింత తీవ్రమైనదని నా అభిప్రాయం. ఒక వ్యాసాన్ని మరో వ్యాసం ఆధారంగా పేర్కొనడమే ఉల్లేఖన, అంటే సైటేషన్. దానిని ప్రభావానికి కొలతగా తీసుకోవాలంటే పరిశోధనను వాడుకునేవారూ వ్యాసాలు రాసేవారూ దాదాపు ఒకరే కావాలి. శుద్ధ గణితంలో అది చాలావరకు నిజం. పశువైద్యంలో పరిశోధనను వాడుకునేది మండల కేంద్రంలోని పశువైద్యాధికారి, గోపాలమిత్ర, గొర్రెల కాపరి, టీకాల తయారీ సంస్థ, ప్రభుత్వ శాఖ. వీరిలో వ్యాసాలు రాసేవారు బహు అరుదు. రాయనివారి వాడకం ఏ పట్టికలోకీ ఎక్కదు.

కొలత ఎందుకు పుట్టింది, దేనికి వాడుతున్నారు

యూజీన్ గార్‌ఫీల్డ్ 1955లో ‘సైన్స్’ పత్రికలో ఉల్లేఖనల సూచిని ప్రతిపాదించినప్పుడు ఆయన ఉద్దేశం పరిశోధకులకు ర్యాంకులు ఇవ్వడం కాదు. ఒక భావన ఎక్కడ పుట్టి ఎటు ప్రయాణించిందో, దానిని ఎవరు ఖండించారో వెతికి పట్టుకునే సాధనం ఆయనకు కావలసింది. 1964లో సైన్స్ సైటేషన్ ఇండెక్స్ వెలువడింది. అందులో ఏ పత్రికలను చేర్చాలో తేల్చుకోవడానికి ఇర్వింగ్ షేర్‌తో కలిసి రూపొందించినదే ఇంపాక్ట్ ఫ్యాక్టర్. ఒక పత్రిక గడచిన రెండేళ్లలో ప్రచురించిన వ్యాసాలకు ఈ ఏడాది వచ్చిన ఉల్లేఖనలను ఆ వ్యాసాల సంఖ్యతో భాగిస్తే వచ్చేది అదే. పత్రికల ఎంపిక కోసం పుట్టిన ఈ భాగహారం కాలక్రమంలో మనుషుల ఎంపికకు కొలబద్ద అయింది. మన వ్యవసాయ, పశువైద్య విశ్వవిద్యాలయాల్లో పదోన్నతుల వేళ చూసే నాస్ రేటింగు, అంటే జాతీయ వ్యవసాయ శాస్త్రాల అకాడమీ పత్రికలకు ఇచ్చే మార్కులు, ఇంపాక్ట్ ఫ్యాక్టర్ ఉన్న పత్రికల విషయంలో దాని మీదనే ఆధారపడతాయి.

రెండేళ్ల గడువును పశువుల జీవితం పక్కన పెట్టి చూద్దాం. గేదె చూడికాలం సుమారు 310 రోజులు. ముర్రా పడ్డ తొలి ఈతకు వచ్చేసరికి సాధారణంగా మూడేళ్లు దాటుతుంది. ఒక పునరుత్పత్తి పద్ధతిపై వ్యాసం చదివి, దానిని మరో మందలో పరీక్షించి, దూడలు పుట్టి, వాటి లెక్కలు తీసి, వ్యాసం రాసి, సమీక్ష పూర్తయి అచ్చయ్యేసరికి మొదటి వ్యాసం గడువు ఎప్పుడో ముగిసిపోతుంది. ప్రయోగశాలలో కణాలపై చేసిన పని వారాల్లో పునరావృతమవుతుంది. పొలంలో చేసిన పని అలా కాదు. కాబట్టి ఇంపాక్ట్ ఫ్యాక్టరును నమ్ముకున్న పశువైద్య పత్రిక సహజంగానే కణజీవశాస్త్రం వైపు, జన్యుక్రమాల వైపు మొగ్గుతుంది. ధోరణుల వ్యాసం ఆ మొగ్గును చూసి, శాస్త్రం అటు వెళుతున్నదని ప్రకటిస్తుంది. నిజానికి కొలతే శాస్త్రాన్ని అటు తోస్తూ ఉండవచ్చునన్న అనుమానం దానికి రాదు.

పత్రిక సగటును వ్యాసానికి అంటగట్టడం మరో దోషం. ఒక పత్రికలో ఎక్కువగా ఉల్లేఖన పొందిన 15 శాతం వ్యాసాలకే మొత్తం ఉల్లేఖనల్లో సగం దక్కుతున్నదని పెర్ సెగ్లెన్ 1990లలోనే చూపాడు. అంటే మంచి పత్రికలో అచ్చయిన వ్యాసాల్లో అత్యధికం ఆ పత్రిక సగటుకు కిందనే ఉంటాయి. 2023లో ఈ సూచికను ప్రకటించే సంస్థే మూడు దశాంశ స్థానాలను వదిలి ఒకే స్థానానికి పరిమితమైంది. చిన్న విలువల మధ్య ఇరుక్కుని ఉండే పశువైద్య పత్రికల్లో దీని ఫలితం స్పష్టం: అంతకు ముందు మూడో దశాంశంతో పైకీ కిందికీ జరిగిన పత్రికలు ఒకే మెట్టు మీద గుంపుగా కూర్చున్నాయి. అంతకు ముందు ఆ మూడో దశాంశం ఆధారంగా తీసుకున్న నిర్ణయాలను ఎవరూ తిరిగి పరిశీలించలేదనుకుంటాను.

వెతికిన పదం, దొరికిన పంట

ధోరణుల వ్యాసాల అసలు బలహీనత పట్టికల్లో కాదు, వెతికే పదంలో ఉంది. కోళ్లలో వచ్చే కొక్కెర తెగులునే తీసుకుందాం. ప్రపంచ సాహిత్యంలో దాని పేరు న్యూకాజిల్ వ్యాధి. 1920ల చివర కుమావూఁ కొండల్లోని రాణీఖేత్‌లో కనిపించినందువల్ల భారతీయ పశువైద్యులు దానిని రాణీఖేత్ వ్యాధి అన్నారు, నేటికీ అంటున్నారు. ఆంగ్లంలో న్యూకాజిల్ అన్న పదంతో మాత్రమే వెతికిన పరిశోధకుడికి దశాబ్దాల భారతీయ కృషిలో ఒక పెద్ద భాగం కనిపించదు. ఆ తరువాత అతడు ఈ రంగంలో భారతదేశం వాటా తక్కువ అని రాస్తే తప్పు దేశానిది కాదు. దీనికి విపర్యయం కూడా ఉంది. బఫెలో అన్నది గేదెకు మాత్రమే కాక న్యూయార్క్ రాష్ట్రంలోని ఒక నగరానికీ పేరు. ముర్రా అని వెతికితే మన గేదెలతో పాటు 1995లో ఓక్లహోమాలో బాంబుదాడికి గురైన ఫెడరల్ భవనం తాలూకు వైద్య వ్యాసాలూ వచ్చి పడతాయి; ఆ భవనం ఒక న్యాయమూర్తి పేరు మీద ఉన్నది. వ్యాసాలను చదివేవాడికి ఇది నవ్వు తెప్పించే విషయం. చదవకుండా లెక్కించేవాడికి ఇది ఒక గణాంకం.

డేటాబేస్ ఎంపిక ఇంతకంటే పెద్ద ప్రశ్న. పశువైద్య సాహిత్యానికి సొంత సూచికల సంప్రదాయం ఉంది. వెటర్నరీ బులెటిన్ 1931లో, ఇండెక్స్ వెటెరినేరియస్ 1933లో మొదలయ్యాయి. వాటి వారసత్వం నేటి క్యాబ్ అబ్‌స్ట్రాక్ట్స్‌లో ఉంది. 2012లో బ్రిటన్ పరిశోధకులు ప్రచురించిన ఒక అధ్యయనం 1,139 పశువైద్య సంబంధ పత్రికలను తీసుకొని, ఏ డేటాబేస్‌లో ఎన్ని ఉన్నాయో పోల్చింది. క్యాబ్‌లో సుమారు 90 శాతం ఉన్నాయి. రెండో స్థానంలోని స్కోపస్‌లో 60 శాతం కూడా లేవు. మిగిలిన వాటి పరిస్థితి అంతకంటే తక్కువ. ధోరణుల వ్యాసాలకు ఎక్కువగా ఆధారమయ్యేవి మాత్రం స్కోపస్, వెబ్ ఆఫ్ సైన్స్‌లే, ఎందుకంటే ఉల్లేఖనల లెక్క సిద్ధంగా దొరికేది వాటిలోనే. వెలుతురు ఉన్నచోట వెతకడం సులభమే. పోయిన వస్తువు అక్కడే పడిందా అన్నది వేరే మాట.

నీలినాలుక చెప్పే కథ

ఈ మాటలన్నీ ఒక వ్యాధిపై నిలబెట్టి చూడవచ్చు. 2019 పశుగణన ప్రకారం గొర్రెల సంఖ్యలో దేశంలో తెలంగాణ మొదటి స్థానంలో, ఆంధ్రప్రదేశ్ రెండో స్థానంలో ఉన్నాయి. ఒకచోట సుమారు 1.91 కోట్లు, మరొకచోట 1.76 కోట్లు. ఈ మందలను వానాకాలం వెంట వచ్చి పీడించే వ్యాధుల్లో నీలినాలుక ఒకటి. కాపరులు మూతివాపు అంటారు. క్యూలికాయిడిస్ అనే చిన్న కాటు ఈగల ద్వారా వ్యాపించే వైరస్ దీనికి కారణం. భారతదేశంలో దీని నమోదు 1964లో మహారాష్ట్ర నుంచి వచ్చింది, అదీ పెద్ద అంతర్జాతీయ పత్రికలో కాదు. ఆ తరువాత దక్షిణాది రాష్ట్రాల్లో ఇది పదేపదే మందలను నష్టపరచింది. దేశంలో ఇరవైకి పైగా సీరోటైపుల ఆనవాళ్లు దొరికాయి.

ఈ వ్యాధి ప్రపంచ పరిశోధన పటంలో ప్రకాశవంతమైన చుక్కగా మారింది మాత్రం 2006 తరువాత. ఆ ఏడాది ఆగస్టులో ఎనిమిదో సీరోటైపు నెదర్లాండ్స్, బెల్జియం, జర్మనీ ప్రాంతాల్లో బయటపడింది. అంతవరకు ఉత్తర ఐరోపాకు ఈ వ్యాధి రాదన్న నమ్మకం ఉండేది. దానితో నిధులు వచ్చాయి, ప్రయోగశాలలు కదిలాయి, వ్యాసాల వరద మొదలైంది. ఆ పరిశోధన విలువైనదే, అందులో సందేహం లేదు. అయితే ధోరణుల వ్యాసం ఈ ఎగిసిన రేఖను చూపి, వ్యాధి ప్రాధాన్యం పెరిగింది అంటుంది. మహబూబ్‌నగర్, అనంతపురం మందల్లో గొర్రెలు మూతి వాచి, కుంటుతూ మేత మాని చనిపోయిన ఏళ్లలో ఆ ప్రాధాన్యం ఎక్కడున్నది? పెరిగింది వ్యాధి ప్రాధాన్యం కాదు, బాధితుల ప్రాధాన్యం. ఐసీఏఆర్ అఖిల భారత నెట్‌వర్క్ పరిశోధన నుంచి ఐదు సీరోటైపుల టీకా వచ్చింది. ఆ టీకా వల్ల బతికిన గొర్రెల లెక్క ఏ ఉల్లేఖన సూచిలోనూ ఉండదు.

విజయం సాధించిన పరిశోధనకు ఈ కొలత అసలే పనికిరాదు. రిండర్‌పెస్ట్‌పై ముక్తేశ్వర్‌లో ఎడ్వర్డ్స్ 1920లలో మేకల ద్వారా బలహీనపరచిన వైరస్‌తో టీకా రూపొందించాడు. ప్లోరైట్ కణవర్ధన టీకా 1960లలో వచ్చింది. 1995 తరువాత భారతదేశంలో ఆ వ్యాధి కనిపించలేదు. 2011లో ప్రపంచమంతటా అది నిర్మూలమైందని ప్రకటించారు. మశూచి తరువాత మానవుడు భూమిపై నుంచి తుడిచివేసిన రెండో వ్యాధి ఇది. వ్యాధి పోయాక దాని మీద కొత్త వ్యాసాలకు అవసరం తగ్గుతుంది, ఉల్లేఖనలూ తగ్గుతాయి. వాస్‌వ్యూయర్ పటంలో అది క్షీణిస్తున్న అంశం. పశువైద్య చరిత్రలోనే అతి పెద్ద విజయం పట్టికలో పతనంగా కనిపించే కొలతను ఎంతవరకు నమ్మాలి?

రాబందుల ఉదంతం మరో కోణాన్ని చూపుతుంది. దక్షిణాసియాలో రాబందులు కుప్పలుగా చనిపోవడానికి కారణం పశువులకు ఇచ్చే డైక్లోఫెనాక్ అని 2004లో తేలింది. ఆ మందు వాడిన పశువుల కళేబరాలను తిన్న పక్షుల మూత్రపిండాలు చెడిపోతున్నాయని శవపరీక్షల ద్వారా, రసాయన పరీక్షల ద్వారా నిర్ధారించారు. ఇది ఆసాంతం పశువైద్య రోగనిదానశాస్త్రం. అచ్చయినది ‘నేచర్’లో. 2006లో భారత్, పాకిస్తాన్, నేపాల్ ఆ మందును పశువైద్యంలో నిషేధించాయి. పత్రికల విభాగాన్ని బట్టి పశువైద్య పరిశోధనను లెక్కించేవారికి ఈ వ్యాసం పశువైద్యంలోకే రాదు. ఈ శాస్త్రం చట్టాన్ని మార్చిన అరుదైన సందర్భం దాని ఖాతాలో లేకుండాపోయింది.

కొలత అక్కరలేదా?

ఉల్లేఖనలను తీసివేయాలన్నది ఈ వ్యాసం వాదన కాదు. సంఖ్యలు లేనిచోట సిఫారసులూ, సీనియారిటీ, శాఖాధిపతుల ఇష్టాయిష్టాలూ రాజ్యం చేస్తాయని విశ్వవిద్యాలయాలతో పరిచయం ఉన్నవారికి చెప్పనక్కరలేదు. డబ్బు తీసుకొని ఏది పడితే అది అచ్చువేసే పత్రికలను గుర్తించడానికీ సూచికలు కొంత ఉపకరించాయి. 2012 నాటి శాన్‌ఫ్రాన్సిస్కో ప్రకటన కూడా కొలతలను నిషేధించమనలేదు. పత్రిక కొలతను వ్యక్తి కొలతగా వాడవద్దన్నది. నా అభ్యంతరం లెక్కింపు చదవడానికి ప్రత్యామ్నాయం కావడం మీదనే.

పశువైద్యంలో ధోరణుల అధ్యయనం చేసే పరిశోధక విద్యార్థి కనీసం వంద వ్యాసాలను యాదృచ్ఛికంగా ఎంచి పూర్తిగా చదవాలి. వాటి ఫలితాలు ప్రపంచ పశు ఆరోగ్య సంస్థ మార్గదర్శకాల్లోకి, టీకా స్ట్రెయిన్ల ఎంపికలోకి, ప్రభుత్వ ఉత్తర్వుల్లోకి, తెలుగులో కాపరులకు పంచే కరపత్రాల్లోకి చేరాయా అని వెంబడించాలి. చిటుకు రోగానికి తొలకరికి ముందే టీకా వేయించమని చెప్పే ఒక పేజీ కరపత్రం వెనుక దశాబ్దాల పరిశోధన ఉంటుంది. దానిలో అధస్సూచికలు ఉండవు. ఇక్కడ తెలుగు అధ్యాపకులకూ పని ఉంది. జబ్బవాపు, గురకవ్యాధి, గాలికుంటు అనే పేర్లలో లక్షణ పరిశీలన ఇమిడి ఉంది. ఈ పేర్లతో వెలువడిన విస్తరణ సాహిత్యాన్ని కాలక్రమంలో పెట్టి, ప్రయోగశాల ఫలితం ఎన్నేళ్లకు పల్లెకు చేరిందో చూపిన అధ్యయనం వస్తే అది ఏ రంగుల పటం కంటే ఎక్కువ చెబుతుంది.

ముద్దచర్మ వ్యాధి విషయంలో జరిగినది ఇటువంటి అధ్యయనానికి మంచి ప్రారంభం కాగలదు. 1929లో ఇప్పటి జాంబియాలో మొదట గుర్తించిన ఈ వ్యాధి చాలాకాలం ఆఫ్రికాకు పరిమితమైనదిగా ఉండి, 2019లో ఒడిశాలో, 2022లో గుజరాత్, రాజస్థాన్‌లలో విజృంభించింది. అప్పటికి మన దగ్గర దీనికి సొంత టీకా అందుబాటులో లేదు. పశువులకు వేసినది మేకల మశూచి టీకా, ఉత్తరకాశి స్ట్రెయిన్. రెండు వైరస్‌లూ ఒకే ప్రజాతివి కాబట్టి ఒకదాని టీకా మరొకదాని నుంచి కొంత రక్షణ ఇస్తుందన్న పాత పరిశోధన ఆ రోజుల్లో అక్కరకు వచ్చింది. అది మేకల కోసం చేసిన పని, ఆవులను కాపాడటానికి ఉపయోగపడింది. ఆ పాత వ్యాసాలకు అచ్చయిన రెండేళ్లలో ఎన్ని ఉల్లేఖనలు దక్కాయో లెక్క తీయడం ఒక మధ్యాహ్నం పని. వాటి ఆధారంగా 2022లో ఎన్ని జిల్లాల్లో ఎన్ని పశువులకు సూది పడిందో తెలుసుకోవాలంటే జిల్లా పశుసంవర్ధక శాఖల రిజిస్టర్లు తిరగేయాలి.