సదృశచిత్రాన్వేషణము

ఒక చలనచిత్రమును జూచి సంతోషించినవాఁడు మఱునాఁడే "ఇట్టిది మఱియొకటి కలదా?" యని యడుగును. ప్రశ్న సులభముగాఁ దోఁచును. గాని "ఇట్టి" యను శబ్దమునకు అర్థనిర్ణయము చేయక సమాధానము చెప్ప వీలుపడదు. సాదృశ్యమనఁగా భేదము గలిగియు ననేకధర్మములు సమానములై యుండుట. ఏ ధర్మములు? అదియే వివాదాంశము.

ఒక వర్ణమునకు బదులు వేఱొక వర్ణము రావలసినపుడు మిక్కిలి సమీపమైనదానినే గ్రహింపవలెనని పాణిని యష్టాధ్యాయి ప్రథమాధ్యాయ ప్రథమపాదమున 50వ సూత్రముచే విధించెను. ఆ సామీప్యమును వ్యాఖ్యాతలు స్థానము, అర్థము, గుణము, ప్రమాణము అని నాలుగు విధములుగా వివరించి, పలువిధములు పోటీపడినచో ఉచ్చారణస్థానమును బట్టి వచ్చినదే బలవత్తరమనిరి. ఇకారమునకు యకారమే యేల వచ్చును? రెండును దాలువునఁ బుట్టినవి గనుక. చిత్రముల విషయమునను ఈ న్యాయమే చెల్లునని నా యభిప్రాయము. రసము పుట్టిన చోటు చూడవలెను.

ఉదాహరణమునకు 1957లో విజయా సంస్థ నిర్మింపఁగా కె. వి. రెడ్డిగారు దర్శకత్వము వహించిన మాయాబజారును గైకొందము. కథ యొకటేయని యొకఁడు 1936 నాటి శశిరేఖా పరిణయమును బేర్కొనును. మఱొకఁడు 1963 నాటి శ్రీకృష్ణార్జున యుద్ధమును జూపును. దర్శకుఁడును, గృష్ణవేషమున రామారావుగారును, నాగేశ్వరరావుగారును, మాటలు గూర్చిన పింగళి నాగేంద్రరావుగారును అందును గలరు. మంచి చిత్రమే, కాని దాని బలమంతయుఁ బ్రతిజ్ఞాసంకటమున నున్నది. మాయ కలదని వేఱొకఁడు 1951 నాటి పాతాళభైరవి ననును. అందు మాయ సాహసమునకు సాధనము, ప్రధానరసము అద్భుతము.

మాయాబజారున పాండవులొక్కరును దెరపైఁ గానరారు. రాజ్యము పోఁగొట్టుకొన్న బంధువులకు ఇచ్చిన మాట తప్పి, కలిగినవారితో వియ్యమందఁబూనిన యొక యింటి కథ యది. భారతములోని పేళ్లు పెట్టుకొన్నను మన వీథిలోని కథయే. ఆ తప్పు సరిదిద్దుటకై ఘటోత్కచుఁడు శశిరేఖ రూపము దాల్చును. సావిత్రిగారి సుకుమారదేహమున రాక్షసుని నడక తొంగిచూచినపుడు నవ్వు పుట్టును. ఆ నవ్వునకు స్థానము ఆరోపితరూపము. పింగళివారి మాటలును అట్టివే. "అస్మదీయ" శబ్దము సాధువు. దాని పోలికచే రాక్షసుల నోట వచ్చిన "తస్మదీయ" వ్యాకరణమున కెక్కదు, "తదీయ" యనియే రూపము. ఒక శబ్దము మఱొక శబ్దము వేషము వేసికొని సభకు వచ్చినది! వైయాకరణుఁడ నయ్యు నేను నవ్వితిని.

కాఁబట్టి మాయాబజారునకు అత్యంతసన్నిహితము 1955 నాటి మిస్సమ్మ. పౌరాణికము, జానపదము, సాంఘికము అను మన విభాగమును నమ్మినవాఁడు ఈ రెంటిని ఒకచోట నెన్నఁడును జేర్పఁడు. ఎల్. వి. ప్రసాదుగారి యీ చిత్రమున ఉద్యోగమునకై ఇరువురు అవివాహితులు దంపతులమని నటింతురు; నటన నిజమగును. ఇందును సావిత్రిగారు ఒక వేషములో మఱియొక వేషము ధరించిరి. పాటలు పింగళివారివి. మాయ లేదు, మంత్రము లేదు. నవ్వు పుట్టిన తాలువు మాత్ర మొకటే. పిదప 1962 నాటి గుండమ్మ కథ చూడఁదగును. అందు ధనికుని కుమారుఁడు పెండ్లికై పనివాని వేషము వేయును.

నేఁడు ఇండ్లలోఁ జిత్రములు చూపు సంస్థలు ఈ యన్వేషణమును గణనయంత్రముల కప్పగించినవి. నెట్‌ఫ్లిక్స్ సంస్థ 2006లోఁ దన యంచనాలను నూటికి 10 పాళ్లు మెఱుగుపఱచినవారికి 10 లక్షల డాలర్ల బహుమానము ప్రకటించి, 2009లో నొక బృందమున కొసఁగెను. ఇట్టి గణనములలోఁ బ్రసిద్ధమైన యుపాయమొకటి: మీరు మెచ్చినవానిని మెచ్చిన యితరులు ఇంకేమి మెచ్చిరో చూచుట. దీనిని దృణీకరింపరాదు, లోకవ్యవహారము లేనిదే వ్యాకరణమును లేదు. అయినను చిత్రమునకు మీరిచ్చిన నక్షత్రముల సంఖ్య మెచ్చితిరనియే చెప్పును గాని యెందులకు మెచ్చితిరో చెప్పదు.

అడిగినవానిని ఆ మాట యడుగుటయే మేలు. ఘటోత్కచుఁడు పెండ్లివంటకములు భక్షించు ఘట్టమునకును, మార్కస్ బార్ట్లేగారి ఛాయాగ్రహణచమత్కారమునకును మాయాబజారును మెచ్చినవానికి మిస్సమ్మను జూపను. వానికిఁ బాతాళభైరవియే తగినది. అందును ఛాయాగ్రాహకుఁ డాయనయే. ఘటోత్కచుఁడైన రంగారావుగారే అందు నేపాళమాంత్రికుఁడు.