సినిమా సమీక్షకుడు ఎవరికోసం రాస్తున్నాడు?

సినిమా చూడకపోయినా సమీక్ష మాత్రం వదలకుండా చదివేవాళ్ళు మనలో చాలామంది ఉన్నారు. మారిషస్‌లో గాని, నేటాల్‌లో గాని, ఫిజీలో గాని తెలుగు చిత్రం ఆడే హాలు ప్రతి ఊళ్ళోనూ ఉండదు. ఆడినా ఒకటి రెండు ఆటలతో సరి. అందుచేత హైదరాబాదు పత్రికలో వచ్చే సమీక్ష మనకు ఉత్తరంలాంటిది. అక్కడివాళ్ళు ఏం తింటున్నారు, ఏం మాట్లాడుకుంటున్నారు, దేనికి నవ్వుతున్నారు, ఇవన్నీ అందులో వెతుక్కుంటాము. ఈ ఆశ సమీక్షకుడికి తెలియదు. తెలియకపోవడం అతని నేరమని మేము అనడం లేదు. కాని తెలియజేయవలసిన పని మనది.

మేము ఈ మాటలు రాస్తున్నది జర్మనీలోని ఉంటర్‌ఫ్యోరింగ్ నుంచి. మ్యూనిక్ నగరాన్ని ఆనుకుని, ఈజార్ నది తూర్పున, పదివేల పైచిలుకు జనాభా గల ఊరు ఇది. ఊరు చిన్నదే గాని, ఈ దేశపు టెలివిజన్ పరిశ్రమలో పెద్ద భాగం ఇక్కడ కొలువై ఉంది. ప్రోజీబెన్ జాట్ ఐన్స్ సంస్థకు, స్కై డాయిచ్‌లాండ్‌కు ఇదే కేంద్రం. చెరకుతోటల కూలీల మునిమనవలమైన మేము నలుగురైదుగురం ఈ చుట్టుపక్కల ఉద్యోగాలు చేసుకుంటూ, కొత్త తెలుగు చిత్రం మ్యూనిక్‌కు వచ్చినప్పుడు ఎస్-8 రైలెక్కి వెళ్ళి చూసి వస్తూ ఉంటాము. వెళ్ళేముందు నాలుగు పత్రికల సమీక్షలు చదువుతాము. తిరిగి వచ్చాక మళ్ళీ చదువుతాము. ఈ రెండో చదువులోనే మాకు చిక్కు వచ్చిపడింది.

ఇప్పటి సమీక్ష ఎలా ఉంటుందో పాఠకులకు తెలియనిది కాదు. ముందు కథ. తరువాత మొదటి సగం ఎలా ఉంది, విరామం దగ్గర మలుపు పేలిందా లేదా, రెండో సగం సాగిందా. ఆ పైన నటీనటులు, సంగీతం, ఛాయాగ్రహణం, నిర్మాణ విలువలు, ఒక్కొక్కరికి ఒక్కొక్క వాక్యం. చివర బలాలు, బలహీనతలు, కొన్నిచోట్ల అయిదుకు ఇన్ని అని మార్కులు. ఈ మార్కుల్లో రెండుంముప్పావుకీ మూడుకీ మధ్య ఉన్న పావు దగ్గర నిర్మాతల ప్రాణాలు ఊగుతుంటాయట! మాకైతే ఆ పావు ఎక్కడ పోయిందో ఏనాడూ అర్థం కాలేదు. పచ్చళ్ళ దుకాణంలో తూకంరాళ్ళు పెట్టినట్టుంటుంది.

సమీక్షకుడి ఇబ్బందులు మాకు తెలియనివి కావు. అమెరికాలో ముందురోజు ఆటలు పడిపోతాయి. తెల్లారేసరికి సమీక్ష రావాలి. రాత్రి నిద్ర లేకుండా చూసి, పొద్దున్నే రాయాలి. పక్క పేజీలో ఆ చిత్రానిదే నిలువెత్తు ప్రకటన ఉంటుంది. అంత తొందరలో, అంత ఇరుకులో రాసినా కొందరు మంచి వాక్యం రాయగలుగుతున్నారంటే మెచ్చుకోవలసిందే. అయినా తొందర ఇప్పుడే పుట్టిందా? ముళ్ళపూడి వెంకటరమణ ఆంధ్రపత్రికలో సినిమా సమీక్షలు రాసిన రోజుల్లోనూ పత్రిక వేళకు అచ్చుకు వెళ్ళవలసిందే. ఆయన నవ్విస్తూ రాసేవారు. నవ్వు వెనక కత్తి ఉండేది. తరువాత ఆయనే 1962లో ‘రక్తసంబంధం’తో మాటల రచయితగా ఆవలి గట్టుకు వెళ్ళారు. ‘విక్రమార్కుడి మార్కు సింహాసనం’ చదివినవారికి, ఆ గట్టు సంగతి ఆయనకు ఎంత తెలుసో వేరే చెప్పనక్కరలేదు. కొడవటిగంటి కుటుంబరావు దారి వేరు. ఆయన సినిమాను చూసే జనాన్ని చూశారు. ఈ జనం దీన్ని ఎందుకు చూస్తున్నారు, చూసి ఏమవుతున్నారు అనేవే ఆయన సినిమా వ్యాసాల్లో పదేపదే వచ్చే ప్రశ్నలు. 2022 జులైలో కన్నుమూసిన గుడిపూడి శ్రీహరి అయిదు దశాబ్దాలకు పైగా హిందూ పత్రికకు తెలుగు చిత్రాలను సమీక్షించారు. నాటకాన్నీ, నాట్యాన్నీ కూడా అదే కలంతో సమీక్షించిన మనిషి. ఆయన ఇంగ్లీషులో రాయడంవల్ల తెలుగు చదవలేని మన తరానికి కూడా అందుబాటులో ఉండేవారు. ఆ మేలు మనం మరచిపోకూడదు.

ఇక అసలు విషయానికి వస్తాము. 2025 ఫిబ్రవరి 7న ‘తండేల్’ విడుదలైంది. చందు మొండేటి దర్శకుడు, నాగచైతన్య, సాయిపల్లవి నాయికానాయకులు. 2018లో శ్రీకాకుళం జిల్లా జాలర్లు గుజరాత్‌లోని వెరావల్ నుంచి వేటకు వెళ్ళి, పాకిస్తాన్ జలాల్లో పట్టుబడి, కరాచీ జైలులో ఏడాదికి పైగా గడిపి, 2020 జనవరిలో వాఘా సరిహద్దు దాటి తిరిగివచ్చారు. ఆ కథే చిత్రానికి ఆధారం. తండేల్ అంటే పడవమీద నాయకుడు.

మేము చదివిన సమీక్షలన్నిటి సారాంశం దాదాపు ఒక్కటే. నాయికానాయకుల జంట బాగుంది, పాటలు బాగున్నాయి, ప్రేమకథ హత్తుకుంది, జైలు ఘట్టాలు తేలిపోయాయి, దేశభక్తి అతికించినట్టుంది. ఇందులో ఒక్క మాటకూ మాకు పేచీ లేదు. జైలు ఘట్టాలు నిజంగానే తేలిపోయాయి. పేచీ ఎక్కడంటే, శ్రీకాకుళం మనిషి చేపలు పట్టడానికి గుజరాత్ ఎందుకు వెళ్ళాడు? ఈ ప్రశ్న ఎవరూ వేయలేదు. వేసినా ‘ఉపాధికోసం’ అని ఒక్క మాటతో దాటిపోయారు. ఆ జిల్లాకు దాదాపు 193 కిలోమీటర్ల సముద్రతీరం ఉంది. గుమ్మంలో సముద్రం పెట్టుకున్నవాడు దేశానికి అవతలి అంచున ఉన్న మరో సముద్రానికి కూలికి పోతున్నాడు. పెద్ద పడవలు నిలిపే చేపలరేవు సొంత తీరంలో లేక, యజమాని పడవమీద ఏడాదిలో తొమ్మిది నెలలు పరాయి నీళ్ళలో గడుపుతున్నాడు. మూడు నెలలు ఇంట్లో. చిత్రంలో సత్య అనే అమ్మాయి ‘ఈసారి వెళ్ళకు’ అని రాజును బతిమాలుతుంది. అతను వెళతాడు. ఆ సన్నివేశాన్ని ప్రేమికుల అలకగా సమీక్షించారు. మాకది అలకలాగా కనిపించలేదు.

ఎందుకంటే ఆ తీరంనుంచే, కోరంగి, విశాఖపట్నం రేవులనుంచే మన ముత్తాతలు పడవలెక్కారు. 1834లో మారిషస్‌కు కూలీల రాకడ మొదలైంది. 1860 నవంబరులో మద్రాసునుంచి ట్రూరో ఓడ నేటాల్ చేరింది. 1903 తరువాత దక్షిణాదివాళ్ళు ఫిజీకి పెద్ద సంఖ్యలో వెళ్ళారు. కోరంగి పేరే మారిషస్‌లోనూ బర్మాలోనూ తెలుగువాడికి జాతిపేరై కూర్చుంది. వెళ్ళకమ్మని బతిమాలిన ఆడవాళ్ళు ఆనాడూ ఉండే ఉంటారు. వాళ్ళను ఏ కంపెనీ దస్తావేజూ రాసుకోలేదు. ఒప్పందంమీద వేసిన వేలిముద్ర మిగిలింది గాని ఆ ఏడుపు మిగలలేదు. సాయిపల్లవి ముఖంలో అది ఒక నిమిషం కనబడింది. ‘నటన ఆకట్టుకుంది’ అనే ముక్కతో సరిపెట్టినప్పుడు మాకు కోపంకన్నా దిగులు ఎక్కువ కలిగింది.

సమీక్షకుడు చరిత్రపాఠం చెప్పాలా అని అడగవచ్చు. అక్కరలేదు. రెండు వాక్యాలు చాలు. జైలు ఘట్టాలు ఎందుకు తేలిపోయాయో కూడా ఆ రెండు వాక్యాలతోనే బోధపడేది. కథ అసలు శత్రువు ఆకలి, దూరం. చిత్రం మధ్యలో శత్రువును మార్చి, జైలు గోడల మధ్య జెండాను నిలబెట్టింది. దానితో మొదటి సగంలో మనల్ని పట్టి కుదిపిన ప్రశ్న గాలికి పోయింది. ఇది కథనిర్మాణంలో లోపం. ‘రెండో సగం నెమ్మదించింది’ అంటే ఈ లోపం బయటపడదు. సగాలుగా కోసి తూచే పద్ధతి ఉన్నంతకాలం బయటపడదు కూడా.

ఇలాంటిదే మరొకటి. ‘పుష్ప’ మొదటి భాగం 2021 డిసెంబరులోనూ, రెండోది 2024 డిసెంబరులోనూ వచ్చాయి. మొదటి చిత్రానికి అల్లు అర్జున్‌కు ఉత్తమ నటుడిగా జాతీయ బహుమతి వచ్చింది. తెలుగు నటుడికి ఆ గౌరవం రావడం అదే తొలిసారి. సమీక్షల్లో చిత్తూరు యాస గురించి చదివాము, భుజం ఎగరేయడం గురించి చదివాము, వసూళ్ళ గురించైతే చెప్పనే అక్కరలేదు. పుష్పరాజు మొదట ఎవరు? శేషాచలం అడవిలో ఎర్రచందనం నరికే కూలీ. యజమాని ఎదుట కాలుమీద కాలు వేసుకుని కూర్చున్న కూలీ. మన ఇళ్ళల్లో ‘కూలీ’ అనే మాటను పెద్దవాళ్ళు పిల్లలముందు పలికేవారు కాదు. పలికితే కొట్టుకునేంతవరకూ వెళ్ళేది. ఆ మాటను ఒక నాయకుడు తెరమీద తలెత్తి అంటుంటే మా పక్క సీట్లలో కుర్రవాళ్ళు ఈలలు వేశారు. మేము ఈల వేయలేదు గాని, గుండె మాత్రం కొట్టుకుంది.

అయితే అదే శేషాచలంలో 2015 ఏప్రిల్ 7న పోలీసు కాల్పుల్లో ఇరవైమంది చనిపోయారు. ఎక్కువమంది తమిళనాడునుంచి కూలికి వచ్చిన పేదలు. చిత్రం ఆ చావులను తాకదు. తాకలేదని తప్పు పట్టవచ్చు, పట్టకపోవచ్చు. చిత్రకారుడికి తన కథ తాను చెప్పుకునే హక్కు ఉంది. కాని కూలీని సామ్రాట్టుగా చేసి చూపే కథను తూచేటప్పుడు, సామ్రాట్టు కాలేకపోయిన ఆ ఇరవైమందిని సమీక్షకుడు జ్ఞాపకం పెట్టుకుంటే బాగుండేది. రెండో భాగం వచ్చేసరికి కూలీ పూర్తిగా మాయమై యజమాని మిగిలాడు. ఈ మార్పును ‘పాత్ర ఎదుగుదల’ అన్న పత్రిక కూడా మా కంటపడింది!

మేమున్న ఈ దేశంలో ఈ విషయం మీద పాత చర్చ ఒకటి ఉంది. సీగ్‌ఫ్రీడ్ క్రాకవర్ అనే ఆయన 1920లలో ఫ్రాంక్‌ఫుర్టర్ త్సైటుంగ్ దినపత్రికకు సినిమాలు సమీక్షించేవాడు. సరిగ్గా మన సమీక్షకులలాగే వారం వారం వచ్చే చిత్రాలమీద రాయడమే ఆయన ఉద్యోగం. నాసిరకం చిత్రాలను కూడా వదలకుండా చూసేవాడు. వాటిలోనే దేశం తన కోరికలను దాచుకుంటుందని ఆయన నమ్మకం. మంచి సినిమా విమర్శకుడు సమాజ విమర్శకుడు కూడా అయితీరాలని 1932లో రాశాడు. మరుసటి సంవత్సరమే హిట్లర్ రాకతో దేశం విడిచిపోయాడు. 1936 నవంబరులో గోబెల్స్ పత్రికలలో కళావిమర్శనే నిషేధించాడు. ఇకమీదట విమర్శ ఉండదు, వర్ణన మాత్రమే ఉంటుందని ఉత్తర్వు.

ఆ రోజులకూ మన రోజులకూ పోలిక పెట్టడం మా ఉద్దేశం కాదు. కాని 2024 డిసెంబరులో తమిళ నిర్మాతల సంఘం ఒకటి, చిత్రం విడుదలైన మూడురోజులదాకా సమీక్షలు రాకుండా ఆపమని మద్రాసు హైకోర్టుకు వెళ్ళిన వార్త చదివినప్పుడు మాకు ఆ ఉత్తర్వు గుర్తుకు వచ్చింది. కోర్టు ఆపడానికి ఒప్పుకోలేదు. నిర్మాతల బాధ అబద్ధమని మేము అనము. డబ్బు తీసుకుని పనిగట్టుకుని తిట్టేవాళ్ళు ఉన్నారు, డబ్బు తీసుకుని పొగిడేవాళ్ళూ ఉన్నారు. రెండోవారిమీద ఎవరూ కోర్టుకు వెళ్ళిన జాడ లేదు. సమీక్ష వట్టి మార్కుల చీటీ అయిపోతే దాన్ని మూడురోజులు ఆపినా, మూడునెలలు ఆపినా పాఠకుడు పోగొట్టుకునేది పెద్దగా లేదు. అదే మా భయం.

మరొక చిన్న మాట, మనకు మాత్రమే పనికివచ్చేది. మన పిల్లలకు తెలుగు చెవిదాకా వస్తుంది గాని నోటిదాకా రాదు. చిత్రంలో ఏ ప్రాంతపు తెలుగు మాట్లాడారు, అది ఎంత సహజంగా ఉంది, కింద వేసే ఇంగ్లీషు అక్షరాలు అర్థాన్ని నిలబెట్టాయా చంపాయా, ఈ సంగతులు ఏ సమీక్షలోనూ కనబడవు. 2023 మార్చిలో వచ్చిన ‘బలగం’ చిత్రమే చూడండి. వేణు యెల్దండి తీసిన ఆ చిత్రంలో ఇంటిపెద్ద పోతాడు, దినవారాల్లో పెట్టిన ముద్దను పిట్ట ముట్టదు. ఆ ముట్టకపోవడంమీదే కథంతా నడుస్తుంది. తెలంగాణ ఇళ్ళలో ‘పిట్టకు పెట్టడం’ అంటే ఏమిటో తెలియని మా కుర్రవాళ్ళు, కాకి కోసం ఇంతమంది ఎందుకు ఏడుస్తున్నారని అడిగారు. మేము చదివిన సమీక్షల్లో తెలంగాణ సంస్కృతికి అద్దం అని ఉంది గాని, ఆ అద్దంలో ఏం కనబడుతుందో లేదు. ఆ చిత్రాన్ని తరువాత ఎన్నో పల్లెల్లో ఆరుబయట తెరలు కట్టి ఊరంతా కలిసి చూశారు. విడిపోయిన అన్నదమ్ములు చూసి కలుసుకున్నారని విలేఖరులు వార్తలు పంపారు. సమీక్షకులు అప్పటికే పై శుక్రవారం చిత్రానికి వెళ్ళిపోయారు.