గౌర్ మార్ రాత్రి, ఫొటోలో నలుసులు

దంతెవాడ ఫాగున్ మడైకి వెళ్లొచ్చిన మిత్రులు నన్ను అడిగే ప్రశ్న ఒకటే. పగలు తీసిన పల్లకీ ఊరేగింపు స్పష్టంగా వచ్చింది, రాత్రి తీసిన ఆటల నిండా రంగురంగుల నలుసులు. కెమెరా మార్చాలా?

హోలీకి ముందు దంతేశ్వరి అమ్మవారికి జరిగే ఈ జాతరలో లమ్హా మార్, కోడ్రీ మార్, చీతల్ మార్, గౌర్ మార్ అంటూ కుందేలు మొదలు అడవిదున్న దాకా వేటను రాత్రిళ్లు ఆడి చూపిస్తారు. కెమెరాకు ఇంతకంటే కష్టమైన పని ఉండదు: వెలుగు తక్కువ, కదలిక ఎక్కువ.

ఆ నలుసులు చాలామటుకు కెమెరా లోపం కాదు, వెలుగు స్వభావమే. వెలుగు ఫోటాన్లుగా, విడివిడిగా, ఒక లెక్క లేకుండా వచ్చి పడుతుంది. మడై రోజుల్లోనే బస్తర్ అడవుల్లో ఇప్పపూలు రాలుతాయి. చెట్టు కింద చిన్న గిన్నెలు పరిస్తే కాసేపటికి ఒకదాంట్లో మూడు పూలుంటాయి, పక్కదాంట్లో ఒక్కటీ ఉండదు. తెల్లవార్లూ ఉంచితే అన్నీ ఇంచుమించు సమంగా నిండుతాయి. సెన్సర్‌లోని పిక్సెళ్లదీ అదే తీరు. సగటున 100 ఫోటాన్లు పడేచోట హెచ్చుతగ్గులు 10, అంటే పదో వంతు. 10,000 పడేచోట 100, నూటికి ఒకటే. వాల్టర్ షాట్కీ 1918లో వాక్యూమ్ ట్యూబుల్లో పారే ఎలక్ట్రాన్ల గురించి చెప్పిందీ ఇదే.

అందుకే ఐఎస్ఓను తిట్టడం నాకు నచ్చదు. ఐఎస్ఓ పెంచితే వెలుగు పెరగదు. పడినదాన్ని పెద్దది చేసి చూపిస్తుందంతే. నాయిస్‌కి, అంటే ఈ నలుసులకి, భయపడి ఐఎస్ఓ 800 దగ్గరే ఆపి, చీకటిగా తీసి, తర్వాత కంప్యూటర్లో వెలిగిస్తే నీడలు చాలా కెమెరాల్లో ఇంకా పాడవుతాయి. 6400 పెట్టండి, ముఖం సరిగ్గా వెలిగేలా తీయండి, రా ఫైల్ దాచుకోండి.

అంతకంటే ముందు సెన్సర్‌కి వెలుగు పెట్టాలి. ఎఫ్ 3.5 జూమ్ బదులు ఎఫ్ 1.8 లెన్స్ వేస్తే దాదాపు నాలుగు రెట్లు వెలుగు. డోలు దెబ్బకీ దెబ్బకీ మధ్య ఆటగాడు ఒక్క క్షణం నిలుస్తాడు. అప్పుడు షట్టర్ 125వ వంతు సెకను నుంచి 30వ వంతుకు దించితే మరో నాలుగు రెట్లు. వెలుగు నాలుగింతలైతే నాయిస్ పాలు సగమవుతుంది. ఫ్లాష్ మాత్రం వద్దు. అది ఆ రాత్రినే చంపేస్తుంది, ఆడేవాళ్ల కళ్లకూ ఇబ్బంది. కదలని గుడి ముంగిటైతే స్టాండు మీద 16 ఫొటోలు తీసి సగటు కట్టండి, నాయిస్ నాలుగో వంతుకు దిగుతుంది.

ఇక సాఫ్ట్‌వేర్. నాకు నిజంగా బాధ కలిగేది ఇక్కడే. ఆట చూస్తున్న అవ్వ ముఖం మీద గోద్నా పచ్చబొట్టు ఉంటుంది, చిన్న చిన్న చుక్కలు. నాయిస్ రిడక్షన్ బార్‌ని చివరిదాకా లాగితే దానికి ఆ చుక్కా నలుసే. జీవితాంతం చెరగని పచ్చబొట్టు ఒక్క లాగుడుకి చెరిగిపోతుంది, ముడతలు కూడా. మిగిలేది ఎవరిదో తెలియని నున్నటి ముఖం. చాలా ఫోన్లు ఈ పని మనల్ని అడక్కుండానే చేస్తున్నాయి.

నేను ఎరుపు, ఆకుపచ్చ రంగు నలుసులను పూర్తిగా తీసేస్తాను; చర్మం మీద అవి ఉండవు. వెలుగునీడల నలుసుల జోలికి మాత్రం కొద్దిగానే వెళతాను, అదీ చుక్కలు చెదరనంత వరకే. 12కు 18 అంగుళాల ప్రింటు వేసి చేయి చాచినంత దూరంలో పట్టుకుంటే, మిగిలిన నలుసులు కంటికి పెద్దగా ఆనవు.