సైటోక్రోమ్ సి2 అనివార్యమా? ఊదా బాక్టీరియాలో ఎలక్ట్రాన్ వాహక ప్రోటీన్లపై విమర్శనాత్మక పరిశీలన

ఊదా బాక్టీరియాలో కిరణజన్య సంయోగక్రియను వివరించే పాఠ్యగ్రంథాలు దాదాపుగా ఒకే వలయాన్ని చిత్రిస్తాయి. కాంతి సోకిన ప్రతిచర్యా కేంద్రం నుండి వెలువడిన ఎలక్ట్రాన్ క్వినోన్ మీదుగా సైటోక్రోమ్ బీసీ1 సంకీర్ణాన్ని చేరుతుంది; అక్కడి నుండి సైటోక్రోమ్ సి2 అనే చిన్న ప్రోటీన్ దానిని తిరిగి ప్రతిచర్యా కేంద్రానికి చేరవేస్తుంది. నీరు విచ్ఛిన్నం కాదు, ఆక్సిజన్ వెలువడదు. ఈ చిత్రంలో తొలి మజిలీలకు గట్టి ఆధారాలున్నాయి. చివరి మజిలీ విషయంలో మాత్రం కొన్ని జీవుల్లో ఒక తరహా పద్ధతితో తేలిన ఫలితాన్ని మొత్తం వర్గానికి ఆపాదించడం జరిగింది.

ఆ పద్ధతి ఏమిటో చూడాలి. 1950ల తొలినాళ్లలో లియో వెర్నన్, మార్టిన్ కామెన్ రోడోస్పిరిల్లం రుబ్రం మీద పనిచేస్తున్న కాలానికి సైటోక్రోమ్ అంటే శ్వాసక్రియకు గుర్తు. ఆక్సిజన్ లేకుండా వెలుతురులో పెరిగిన కణంలో అది సమృద్ధిగా దొరకడం నాటి అవగాహనకు పెద్ద కుదుపు. అయితే అది దొరికిన తీరు గమనార్హం. కణాలను పగలగొట్టి, పొరల శకలాలను వేరుచేసి, నీటిలో కరిగిన భాగాన్ని శుద్ధి చేస్తే చేతికి వచ్చే ప్రోటీన్లలో సి2 ఒకటి. పొరకు అతుక్కుని ఉండే వాహకం ఈ జల్లెడలో సులభంగా పడదు. సుమారు 350 మిల్లీవోల్టుల రెడాక్స్ పొటెన్షియల్, పెరిప్లాసంలో స్థానం, ప్రతిచర్యా కేంద్రానికి ఎలక్ట్రాన్‌ను వేగంగా ఇవ్వగల శక్తి, ఇవన్నీ సి2కి ఆ పని చేసే అర్హత ఉందని చెబుతాయి. ఆ పని దానిదొక్కదానిదేనని చెప్పవు. అదే కాలంలో, అదే మార్గంలో దొరికిన సైటోక్రోమ్ సి ప్రైమ్ కూడా సమృద్ధిగానే ఉంటుంది. దాని విధి దశాబ్దాల పాటు తెలియలేదు, తర్వాత నైట్రిక్ ఆక్సైడ్ నుండి కణాన్ని కాపాడటంతో దానికి సంబంధం కనిపించింది. ఎంత మోతాదులో ఉన్నదన్నది ఏ పని చేస్తున్నదో చెప్పే సాక్ష్యం కాదు.

1986లో ఫెవ్జీ దల్దాల్ బృందం నాడు రోడోసూడోమోనాస్ కాప్సులాటా అని పిలిచిన జీవిలో (నేటి రోడోబాక్టర్ కాప్సులాటస్) సి2 జన్యువును తొలగించింది. జీవి వెలుతురులో అవాయు స్థితిలో పెరుగుతూనే ఉంది. ఎలక్ట్రాన్ ప్రవాహమూ ఆగలేదు. బీసీ1 సంకీర్ణం, ప్రతిచర్యా కేంద్రం పొరలో పక్కపక్కనే ఉండి నేరుగా ఇచ్చిపుచ్చుకుంటాయేమోనన్న వివరణకు అప్పుడు బలం చేకూరింది. ఆ వివరణ కూడా నిలువలేదు. 1993లో జెన్నీ, దల్దాల్ సైటోక్రోమ్ సివై అనే వాహకాన్ని వెలికితీశారు. అది పొరకు లంగరు వేసుకుని ఉంటుంది. సి2, సివై రెండూ లేనప్పుడే ఆ జీవి కిరణజన్య పెరుగుదలను కోల్పోయింది. తొలినాటి శుద్ధి పద్ధతి చూడలేనిది సరిగ్గా ఇదే.

ఈ ఫలితాన్ని ‘సి2 అవసరం లేదు’ అన్న ఒక్క వాక్యానికి కుదించడం మరో అతివ్యాప్తి. జన్యు తొలగింపు ప్రయోగం ఒక ప్రోటీన్ లేకుండా జీవి బతకగలదా అన్న ప్రశ్నకు జవాబిస్తుంది. వన్య రకం కణంలో ఆ ప్రోటీన్ ఏ వాటా మోస్తున్నదో చెప్పదు. పైగా అదే ప్రజాతికి చెందిన రోడోబాక్టర్ స్ఫెరాయిడిస్‌లో 1988లో డోనహ్యూ, కాప్లాన్ తదితరులు సి2ను తొలగించినప్పుడు కిరణజన్య పెరుగుదల నిలిచిపోయింది. ఆ ఉత్పరివర్తిత కణాల నుండి తిరిగి వెలుతురులో పెరగగలిగే రూపాలు వాటంతట అవే పుట్టాయి. వాటిలో సి2ను పోలిన మరో సైటోక్రోమ్ (ఐసోసైటోక్రోమ్ సి2) దాని స్థానాన్ని భర్తీ చేస్తున్నట్లు తేలింది. ఈ జీవిలోనే ప్రతిచర్యా కేంద్రంతో సి2 జతకూడిన స్ఫటిక నిర్మాణం కూడా 2002లో వెలువడింది. కనుక ‘అనివార్యం’ అన్న మాటకు జాతి పేరు చేర్చకుండా అర్థం లేదు.

రోడోబాక్టర్ దాటితే వైవిధ్యం ఇంకా పెరుగుతుంది. డైజన్‌హోఫర్, మిషెల్, హూబర్‌లకు 1988లో నోబెల్ తెచ్చిన ప్రతిచర్యా కేంద్రానికి (నేడు బ్లాస్టోక్లోరిస్ విరిడిస్ అనే జీవిది) నాలుగు హీమ్‌లు వరుసగా అమరిన సైటోక్రోమ్ ఉపభాగం శాశ్వతంగా అతుక్కుని ఉంది. కరిగే వాహకం ముందు దానికే ఎలక్ట్రాన్ ఇస్తుంది. రోడోబాక్టర్‌లో ఆ ఉపభాగమే లేదు. రూబ్రివైవాక్స్ జెలటినోసస్, రోడోసైక్లస్ టెన్యూయిస్ వంటి వాటిలో అసలు హీమ్ లేని, నాలుగు ఇనుము, నాలుగు గంధకం పరమాణువుల గుచ్ఛం గల అధిక పొటెన్షియల్ ఐరన్-సల్ఫర్ ప్రోటీన్ ఈ బాధ్యతను నిర్వహించగలదని 1990లలో రుజువైంది. 1960లలోనే క్రొమేషియం నుండి శుద్ధి అయిన ఈ తరగతి ప్రోటీన్‌కు ఉద్యోగం చూపడానికి అంతకాలం పట్టడానికి సి2 వలయం మీద ఉన్న నమ్మకం కొంతవరకైనా కారణమనిపిస్తుంది.

ఈ చర్చ తెలుగు నేలకు దూరమైనది కాదు. హైదరాబాద్ విశ్వవిద్యాలయం, జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయం పరిశోధకులు ఊదా బాక్టీరియాలో అనేక కొత్త జాతులను వర్ణించారు. అంతర్జాతీయంగా స్థిరపడిన జాతి వర్ణన పద్ధతిలో వర్ణకాలు, కొవ్వు ఆమ్లాలు, క్వినోన్‌లు, 16ఎస్ జన్యుక్రమం ఉంటాయి; ఎలక్ట్రాన్ వాహక ప్రోటీన్లు అందులో తప్పనిసరి అంశం కావు. వలయంలోని క్వినోన్‌ను నమోదు చేస్తూ, జాతినిబట్టి ఎక్కువగా మారే మజిలీని వదిలేయడం వింతైన ఎంపిక. జీనోమ్ క్రమం ఈ లోటును పూరిస్తుందన్న వాదన ఉంది. అది సగమే నిజం. రోడోబాక్టర్ స్ఫెరాయిడిస్ జీనోమ్‌లో సివై జన్యువు ఉంది, ఆ ప్రోటీన్ తయారవుతుంది, శ్వాసక్రియలో ఎలక్ట్రాన్లను మోస్తుంది కూడా. కానీ కిరణజన్య వలయంలో పనిచేయదని 1999లో మిల్లీకల్లియో, జానోనీ, దల్దాల్ చూపారు. కాప్సులాటస్ సివైని అదే కణంలో ప్రవేశపెడితే మాత్రం వలయం నడుస్తుంది.