సారె పక్కన ప్రింటర్

హైదరాబాద్ రాయదుర్గంలో స్టార్టప్‌ల కేంద్రం టీ-హబ్ పక్కన, వస్తువుల నమూనాలు తయారుచేసుకునే టీ-వర్క్స్‌ను 2023 మార్చిలో తెరిచారు. డెబ్బై ఎనిమిది వేల చదరపు అడుగుల ఆ కార్ఖానాలో లేజర్ కటర్లు, త్రీడీ ప్రింటర్లు, సర్క్యూట్ బోర్డుల యంత్రాలతో పాటు కుమ్మరి సారెలూ, మట్టి కాల్చే బట్టీ కూడా పెట్టారంటే నాకు ముచ్చటేసింది. వెంటనే గుబులూ పుట్టింది. రేపు కుండను కూడా ప్రింటరే చేసేస్తుందేమో!

చేస్తోంది కూడా. బెల్జియంలో అన్‌ఫోల్డ్ స్టూడియో వాళ్లు 2009లోనే మట్టితో ప్రింటింగ్ మొదలుపెట్టారు. ఇంగ్లండు కుమ్మరి జోనాథన్ కీప్ తాను తయారుచేసుకున్న ప్రింటర్ నమూనాను అడిగినవారికల్లా ఇచ్చేశాడు. పద్ధతి మన జంతికల గొట్టానిదే. మెత్తటి మట్టిని గాలి ఒత్తిడితో సన్నటి మూతిలోంచి తోస్తే, కంప్యూటర్ చెప్పిన దారిలో పొర మీద పొర పేరుకుంటుంది. గాలి బుడగ అడ్డొస్తే ధార తెగుతుంది. గోడ మరీ పక్కకు వాలితే తన బరువుకు తానే కూలుతుంది.

మన కుండతో చిక్కు ఇక్కడే. దాని అడుగు గుండ్రం, ప్రింటర్ మొదటి పొరకేమో చదును కావాలి. కుమ్మరి సారె మీద మందంగా లేపి, కాస్త ఆరాక లోపల రాయి ఆనించి, బయట చెక్కతో తడుతూ అడుగును సాగదీస్తాడు. ఆ దెబ్బలకే మట్టి బిగుస్తుంది, గోడ పలచబడుతుంది. మూలల్లేని అడుగు కనుక పొయ్యి సెగకు తొందరగా పగలదు. నేల మీద నిలవదు కాబట్టే మన ఇళ్లలో కుదురు ఉండేది.

అంచేత ప్రింటర్‌ని కుమ్మరి పీట ఎక్కించాలన్న ఉబలాటం నాకు లేదు. పీట పక్కన కూర్చుని పనిముట్లు చేసిపెడితే చాలు. ప్రమిద మూలరూపాన్ని ప్రింట్ చేసి, దాని మీద ప్లాస్టర్ పోసి అచ్చు తీయొచ్చు. ఎండి కాలేసరికి మట్టి పదో వంతు దాకా కుంచించుకుపోవచ్చు. మూలరూపాన్ని ఆ మేరకు పెంచుకోవడం కంప్యూటర్లో చిటికెలో పని. కూజా మెడ మీద ముగ్గు వేసే చెక్క ముద్రలను లేజర్‌తో కోయొచ్చు. కరెంటు సారె వచ్చినప్పుడు జరిగిందీ ఇదే: కర్ర పెట్టి తిప్పే చాకిరీ పోయింది, చేతి పని చేతిలోనే ఉంది.

మాదాపూర్ శిల్పారామం టీ-వర్క్స్‌కి ఎంతో దూరం లేదు. అక్కడి కుమ్మరి ఒకరు కాగితం మీద ముద్ర గీసుకొస్తే, కూర్చోబెట్టి తెలుగులో మాట్లాడి, ఆ గీతను ఫైలుగా మార్చిపెట్టే మనిషి టీ-వర్క్స్ గుమ్మంలోనే ఉండాలి. యంత్రాల కంటే ముందు ఆ కుర్చీ వేయాలంటాను.