నిలిచిన పంట

మక్క పాలు పోసుకునే రోజుల్లో మా పెద్దబాపు ఇంట్లో పడుకునేవాడు కాదు. జన్నారం వైపు అడవిని ఆనుకొని చేను. మంచె మీద ఆయనకు తోడు నేను. చప్పుడును బట్టి వచ్చిందేదో చెప్పేవాడు. ఆకు కదిలితే దుప్పి, కర్ర విరిగితే పంది. "దుప్పి తిని పోతది బిడ్డా, పంది పండవెట్టి పోతది" అనేవాడు.

ప్రభుత్వం లెక్క వేరు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదట్లో వేట జంతువులను ప్రత్యేక, పెద్ద, చిన్న అని మూడు తరగతులు చేసి, తరగతికొక లైసెన్సు పెట్టింది. మూడో షెడ్యూలు పెద్ద వేట. కణుజు, మనుబోతు, దుప్పి, అడవిపంది అందులోవే. చెవులపిల్లి నాలుగో షెడ్యూలులో చిన్న వేట. ఎలుకలు, కాకులు ఐదోదాంట్లో, హానికర జీవులు. ఆ జాబితా మొదటిసారి చదివినప్పుడు మనసు కలుక్కుమంది. గుర్రమంత మనుబోతూ, మోకాలెత్తు దాటిన పందీ ఒకే వరుసలో! 'పెద్ద' అన్నది తుపాకి పట్టినవాడి వైపు నుంచి వచ్చిన మాట. మంచె మీద కూర్చున్నవాడు ఆ మాట అనడు.

1991 సవరణతో లైసెన్సుల వేట పోయింది. 2022 సవరణ తర్వాత మన అడవి జంతువులకు మిగిలినవి రెండు షెడ్యూళ్లు. అడవిపంది రెండోదాంట్లో ఉంది. ఆ రెండో షెడ్యూలు జంతువు మనిషి ప్రాణానికి గానీ, ఆస్తికి గానీ, 'నిలిచి ఉన్న పంట'కు గానీ ముప్పయితే, కారణం రాసి వేటకు అనుమతి ఇవ్వొచ్చంటుంది 11వ సెక్షన్. చట్టం మొత్తంలో మా పెద్దబాపు నాకు కనిపించింది ఆ రెండు మూడు మాటల్లోనే. తెలంగాణలో పందుల వరకు ఆ అధికారం సర్పంచుల దాకా వచ్చింది. మంచిదే.

అయినా గట్ల మీద దొంగచాటుగా కరెంటు తీగలు గుంజుతూనే ఉన్నారు. ఉచ్చు పన్నితే, ఏదీ పడకపోయినా, చట్టం దృష్టిలో అది వేటే. పందికని పెట్టిన తీగ మీదికి 2012లో టైగర్ రిజర్వయిన కవ్వాల్ పులీ రావొచ్చు, రాత్రి మోటారు పెట్టబోయిన పక్క చేను రైతూ రావొచ్చు. ఈ పని నేను ఏ కష్టం పేరు చెప్పినా ఒప్పుకోలేను.

మా పెద్దబాపుకూ ఒకాయన తీగచుట్ట తెచ్చిచ్చాడు. "అది ఎవన్ని పడుతదో నాకెర్కనా" అని తిప్పి పంపాడు. ఆ రాత్రంతా డబ్బా కొట్టాడు. తెల్లారి చూస్తే పది సాళ్లు నేలకు పడి ఉన్నాయి. కొరికి వదిలిన కంకులు ఏరి ఎడ్ల ముందు పోశాడు.